ఎండపొడ, పంటిపొర: విటమిన్ డి చరిత్రలో మరుగుపడిన ఒక అధ్యాయం

విరిగిన ఎముక అతుక్కుంటుంది. తెగిన చర్మం మానుతుంది. ఊడిన గోరు మళ్ళీ పెరుగుతుంది. కాని పంటిపైన ఉండే పింగాణి పొర ఒకసారి చెడిందంటే దానిని తిరిగి కట్టే శక్తి మన శరీరానికి లేదు. ఆ పొరను తయారుచేసే కణాలు, పన్ను చిగురును చీల్చుకుని బయటికి వచ్చే వేళకే అంతరించిపోతాయి. అందువల్ల ఆ పొర తయారవుతున్న రోజుల్లో బిడ్డకు, అంతకు ముందు బిడ్డను మోస్తున్న తల్లికి, అందిన పోషణ ఎలాంటిదో ఆ గుర్తు పంటిమీద శాశ్వతంగా నిలిచిపోతుంది.

పళ్ళు పుచ్చిపోవడానికి కారణం ఏమిటని అడిగితే మనలో చాలామంది మిఠాయిలనీ, సరిగా పళ్ళు తోమకపోవడమనీ చెబుతాం. పాతతరం వాళ్ళయితే పంటిపురుగు అనేవారు. ఇవి నోట్లో జరిగే విషయాలు. పన్ను నోట్లోకి రాకముందే, చిగురు కింద దవడ ఎముకలో ఉండగానే, దాని బలాబలాలు కొంతవరకు నిర్ణయమైపోతాయన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. ఈ సంగతిని మొదట పట్టుకున్నది మే మెలన్‌బీ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞురాలు. ఆమె వాదన ఇరవై ఏళ్ళపాటు వెలిగి, తర్వాత మసకబారి, ఇటీవలి కాలంలో మళ్ళీ పరిశీలనకు వచ్చింది. ఆ వాదనకు గట్టి పరీక్ష ఎదురైన చోట్లలో మన ఉపఖండం ఒకటి కావడం విశేషం.

పన్ను కట్టడం

పంటిలో రెండు గట్టి పదార్థాలు ఉంటాయి. పైన కనిపించేది పింగాణి పొర. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే కావడంతో శరీరంలోకెల్లా గట్టి పదార్థం ఇదే. దాని కింద ఉండేది డెంటీన్. ఇందులో ఖనిజం సుమారు 70 శాతం. రెండింటిలోనూ ఉన్న ఖనిజం ముఖ్యంగా కాల్షియం, భాస్వరాల సమ్మేళనమే.

పాలపళ్ళలో ఖనిజం చేరడం తల్లి కడుపులో నాలుగో నెల ప్రాంతంలోనే మొదలవుతుంది. ఆరో ఏట వచ్చే మొదటి శాశ్వత దవడపన్ను పుట్టుక సమయంలో ఖనిజం పోగుచేసుకోవడం ప్రారంభిస్తుంది. దాని పైభాగం మూడేళ్ళ వయసుకు దాదాపు పూర్తవుతుంది. ముందరి శాశ్వత దంతాలు పుట్టిన కొద్ది నెలలకు మొదలై నాలుగయిదేళ్ళకు పూర్తవుతాయి. అంటే బడికి వెళ్ళే పిల్లవాడి నోట్లో కొత్తగా మెరిసే పన్ను నిజానికి ఎప్పుడో ఉయ్యాలలో ఉన్నప్పుడు తయారైనది.

ఈ కట్టడానికి కాల్షియం కావాలి. తిన్న ఆహారంలో కాల్షియం ఉంటే చాలదు, అది పేగు గోడను దాటి రక్తంలోకి చేరాలి. అందుకు విటమిన్ డి అవసరం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకినప్పుడు చర్మంలోని ఒక కొవ్వు సంబంధ పదార్థం విటమిన్ డిగా మారుతుంది. అది కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో మరొకసారి మార్పుచెంది చురుకైన హార్మోనుగా తయారవుతుంది. ఈ చివరి రూపాన్ని 1971లో గుర్తించారు. పేగుల్లో కాల్షియం పీల్పును పెంచడం దాని ప్రధాన విధి. పింగాణిని, డెంటీన్‌ను తయారుచేసే కణాలలో కూడా ఈ హార్మోనును అందుకునే గ్రాహకాలు ఉన్నాయి.

ఈ విటమిన్ కొరవడితే ఏమవుతుంది? పింగాణి పొర పలచబడుతుంది, గుంటలు, గాట్లు పడుతుంది. డెంటీన్‌లో ఖనిజం చిన్న చిన్న గోళాల రూపంలో చేరి, అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి గట్టి గోడ అవుతుంది. లోపం ఉన్నప్పుడు ఈ గోళాలు కలవవు. వాటి నడుమ ఖనిజం లేని ఖాళీలు మిగిలిపోతాయి. సున్నం సరిగా నింపని రాతిగోడలా ఉంటుందన్న మాట. పళ్ళు రావడం కూడా ఆలస్యమవుతుంది.

పొగ కమ్మిన నగరాల వ్యాధి

ఈ కథకు నేపథ్యం రికెట్స్ వ్యాధి. ఎముకలు మెత్తబడి, కాళ్ళు దొడ్డికాళ్ళుగా వంగిపోయే ఈ వ్యాధిని గురించి 1645లో డేనియల్ విస్లర్, 1650లో ఫ్రాన్సిస్ గ్లిసన్ వివరంగా రాశారు. పారిశ్రామిక విప్లవం తర్వాత బొగ్గుపొగ కమ్మిన ఐరోపా నగరాల ఇరుకు సందుల్లో ఇది విపరీతంగా ప్రబలింది. 1822లోనే పోలండు వైద్యుడు షినియాడెట్‌స్కీ, నగరంలోని పిల్లలకు ఎండ తగలకపోవడమే ఇందుకు కారణమని సూచించాడు. ఎవరూ పట్టించుకోలేదు.

1890లో థియోబాల్డ్ పామ్ అనే వైద్యుడు అదే మాట మరింత గట్టిగా చెప్పాడు. ఆయన చాలా కాలం జపానులో మిషనరీ వైద్యుడిగా పనిచేశాడు. అక్కడ కనిపించని రికెట్స్ ఇంగ్లండుకు తిరిగి రాగానే కళ్ళెదుట కనిపించింది. ఆసియా దేశాల్లో పనిచేస్తున్న తోటి వైద్యులకు ఉత్తరాలు రాసి వివరాలు సేకరించాడు. తిండికీ శుభ్రతకీ లోటున్న చోట కూడా ఎండ బాగా ఉంటే ఈ వ్యాధి అరుదని తేల్చాడు. అయితే సముద్రతీరపు జనం మరో మందును ఎప్పటినుంచో వాడుతున్నారు. అది కాడ్ చేప కాలేయం నుంచి తీసిన నూనె. వ్యాధికి కారణం ఎండ లేకపోవడమా, తిండిలో లోపమా అన్న తగవు తెగకుండానే ఇరవయ్యో శతాబ్దం వచ్చింది.

కుక్కపిల్లలు చెప్పిన పాఠం

1914లో బ్రిటన్‌లోని వైద్య పరిశోధన సంఘం రికెట్స్ కారణాన్ని వెదికే పనిని ఎడ్వర్డ్ మెలన్‌బీకి అప్పగించింది. ఆయన కుక్కపిల్లలను ఇంటి లోపలే ఉంచి, రొట్టె లేక ఓట్స్ గంజి, వెన్న తీసిన పాలు వంటివి పెట్టి పెంచాడు. వాటికి రికెట్స్ వచ్చింది. అదే తిండికి కాడ్ చేప నూనె కలిపితే రాలేదు. అవిసెనూనె కలిపితే ప్రయోజనం లేదు. 1919లో ఈ ఫలితాలు వివరంగా వెలువడ్డాయి. కుక్కలను ఎండ తగలని చోట ఉంచడం తన ప్రయోగంలో సగం కారణమన్న సంగతి ఆయన తలకెక్కలేదు. నూనెలో అప్పటికే తెలిసిన విటమిన్ ఏ ఈ పని చేస్తోందని అనుకున్నాడు.

ఆ చిక్కును అమెరికాలో మెక్‌కాలమ్ విప్పాడు. కాడ్ చేప నూనెను వేడిచేసి గాలి పంపితే అందులోని విటమిన్ ఏ నశిస్తుంది. అయినా ఆ నూనె రికెట్స్‌ను నయం చేసింది. కాబట్టి అందులో మరో పదార్థం ఉండాలి. 1922లో దానికి అక్షర క్రమంలో డి అని పేరు పెట్టాడు. ఈలోగా 1919లో బెర్లిన్‌లో హుల్ద్‌షిన్‌స్కీ కృత్రిమ అతినీలలోహిత దీపంతోనూ, 1921లో న్యూయార్కులో హెస్, ఉంగర్ కేవలం ఎండతోనూ పిల్లల రికెట్స్‌ను నయం చేసి చూపారు. 1924లో స్టీన్‌బాక్ ఆహార పదార్థాలపై ఆ కిరణాలు ప్రసరింపజేస్తే వాటికే ఆ గుణం వస్తుందని కనుగొన్నాడు. ఎండ, నూనె రెండూ ఒకే పదార్థానికి రెండు దారులని తేలింది. తగవు తీరింది.

అదే కుక్కపిల్లల నోళ్ళలోకి తొంగిచూసిన వ్యక్తి ఎడ్వర్డ్ భార్య మే. ఆమె కేంబ్రిడ్జిలోని గర్టన్ కళాశాలలో విజ్ఞానశాస్త్రం చదివింది. ఆ విశ్వవిద్యాలయం 1948 వరకు స్త్రీలకు పూర్తి పట్టాలు ఇవ్వలేదు కాబట్టి చదువు పూర్తిచేసినా ఆమెకు అక్కడి పట్టా దక్కలేదు. భర్త ఎముకలను చూస్తుంటే ఆమె దవడలను చూసింది. రికెట్స్ వచ్చిన పిల్లల దవడ ఎముక మెత్తగా ఉంది. శాశ్వత దంతాలు ఆలస్యంగా, వంకరటింకరగా, ఒకదానిపై ఒకటి ఎక్కి వస్తున్నాయి. పింగాణి పలచగా, గరుకుగా ఉంది. 1918 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో ఆమె దీనిని ప్రకటించింది. రికెట్స్ అంటే ఎముకల వ్యాధి అని మాత్రమే తెలిసిన వైద్యలోకానికి అది పంటి వ్యాధి కూడానని చెప్పిన ప్రయోగాత్మక సాక్ష్యం ఇది.

ఆ రోజుల్లో దంతవైద్యులకు పన్ను పుచ్చడంపై వేరే సిద్ధాంతం ఉంది. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెర, పిండి పదార్థాలను ఆమ్లంగా మారుస్తాయనీ, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుందనీ విల్లబీ మిల్లర్ 1890లో ప్రతిపాదించాడు. ఈ సిద్ధాంతం నేటికీ నిలిచి ఉంది. మే మెలన్‌బీ దానిని కాదనలేదు. ఒకే రకం తిండి తినే ఇద్దరిలో ఒకరి పళ్ళు పుచ్చి, మరొకరివి పుచ్చకపోవడానికి కారణం ఏమిటన్నది ఆమె ప్రశ్న. దాడిచేసేవాడి బలాన్ని మాత్రమే కాక, కోటగోడ కట్టుబడిని కూడా చూడాలని ఆమె వాదన.

ఇంగ్లండు పిల్లల నోట్లోనుంచి ఊడిన పాలపళ్ళను వెయ్యికి పైగా సేకరించి, పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించింది. వాటిలో అత్యధిక భాగం లోపభూయిష్టంగా తయారైనవే. కట్టుబడి చెడిన పళ్ళలోనే పుచ్చు ఎక్కువగా కనిపించింది. మరో సంగతి కూడా గమనించింది. పెద్ద కుక్కల పళ్ళను ఆకురాయితో కొద్దిగా అరగదీస్తే, లోపలి వైపున పన్ను తనను రక్షించుకోవడానికి కొత్త డెంటీన్‌ను తయారుచేసుకుంటుంది. మంచి ఆహారం ఉన్న కుక్కల్లో ఆ కొత్త పొర గట్టిగా ఉంది. లోపం ఉన్న వాటిలో నాసిరకంగా ఉంది. అంటే పింగాణి మరమ్మతు కాకపోయినా, లోపలినుంచి ఆపుచేసే ఏర్పాటు ఒకటి ఉంది. దానికీ ఈ విటమిన్‌తో పని ఉంది.

ఆస్పత్రిలో, అనాథాశ్రమాల్లో

కుక్కలకు నిజమైంది పిల్లలకు నిజం కావాలని లేదు. 1920లలో మెలన్‌బీ దంపతులు షెఫీల్డులో ఉండగా, ఎముకల క్షయతో నెలల తరబడి మంచంలో ఉన్న పిల్లల ఆహారాన్ని మార్చి చూసే అవకాశం దొరికింది. కొందరికి పాలు, గుడ్లు, వెన్న, కాడ్ చేప నూనె ఎక్కువగా ఇచ్చారు. మరికొందరి ఆహారంలో ఓట్స్ గంజి పాలు ఎక్కువ. మొదటి వర్గంలో కొత్త పుచ్చులు తక్కువగా వచ్చాయి, ఉన్న పుచ్చుల్లో కొన్ని గట్టిపడి ఆగిపోయాయి. రోగులైన పిల్లలకు తెలిసి తెలిసి నాసి ఆహారం పెట్టే ఇలాంటి ప్రయోగానికి ఈనాడు ఏ నైతిక సంఘమూ అనుమతి ఇవ్వదు. పిల్లల సంఖ్య కూడా తక్కువే.

అందుకే వైద్య పరిశోధన మండలి బర్మింగ్‌హామ్‌లో పిల్లల ఆశ్రమాలలో పెద్ద పరీక్ష చేపట్టింది. ఒక వర్గానికి బెల్లపుపాకం వంటి ట్రీకిల్, ఒక వర్గానికి ఆలివ్ నూనె, మరో వర్గానికి కాడ్ చేప నూనె ఇచ్చారు. 1936లో తుది నివేదిక వచ్చింది. విటమిన్ డి ఎక్కువగా ఉన్న ఆహారం పళ్ళు తయారవుతున్న దశలో ఇస్తే పుచ్చడం బాగా తగ్గుతుందనీ, ఆ దశ చివరలో ఇచ్చినా కొంత మేలు ఉంటుందనీ, పళ్ళు వచ్చిన తర్వాత ఇస్తే పుచ్చు ఆలస్యమవుతుందనీ అందులో తేల్చారు. పుచ్చు పూర్తిగా ఆగిపోతుందని మాత్రం నివేదిక చెప్పలేదు. ఈ తేడా ముఖ్యం.

ఉపఖండం వేసిన ఎదురు ప్రశ్న

ఎండకు కొదవలేని భారతదేశంలో రికెట్స్ ఉండదని పామ్ వంటివారి నమ్మకం. అది పూర్తి నిజం కాదని 1922లో తేలింది. నాసిక్‌లో పనిచేసిన హచిసన్, షా అనే వైద్యులు సంపన్న కుటుంబాలలో, పరదా పాటించే ఇళ్ళలో, రికెట్స్‌నూ, స్త్రీలలో ఎముకలు మెత్తబడే ఆస్టియోమలేసియానూ కనుగొన్నారు. కటిఎముక కుంచించుకుపోయి కాన్పు ప్రాణాంతకమయ్యే పరిస్థితి వచ్చేది. తిండికి లోటున్నా ఆరుబయట పనిచేసే పేదల పిల్లలు ఈ వ్యాధి నుంచి తప్పించుకున్నారు. సూర్యుడు ఉంటే చాలదు, ఎండ ఒంటికి తగలాలన్న మాటను ఐరోపా పరిశోధకులు కూడా ఉదహరించసాగారు.

ఆ తర్వాత డాగ్మార్ విల్సన్ అనే వైద్యురాలు ఉత్తర భారతంలో, ముఖ్యంగా ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో, ఈ వ్యాధుల వ్యాప్తిని విస్తృతంగా పరిశీలించింది. విటమిన్ డి లోపం ఇంత తీవ్రంగా ఉన్న చోట, మెలన్‌బీ సిద్ధాంతం ప్రకారం, పళ్ళు ఘోరంగా పుచ్చి ఉండాలి కదా?

ఈ ప్రశ్నను అడిగినవారు పంజాబులో పనిచేస్తున్న టేలర్, మార్షల్ డే. 1939, 1940 సంవత్సరాలలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వారు ప్రకటించిన పరిశీలనలు అందరినీ ఆశ్చర్యపరిచాయి. తీవ్రమైన రికెట్స్ ఉన్న పిల్లల్లోనూ, ఆస్టియోమలేసియా ఉన్న స్త్రీలలోనూ దంతక్షయం ఊహించినంతగా లేదు. ఎముకలు వంగిపోయిన వాళ్ళ నోట్లో పళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నాయి!

ఈ రెండు నిజాలు ఎలా పొసగుతాయి? నేటి జ్ఞానంతో చూస్తే సమాధానం కష్టం కాదు. కొండ పల్లెల్లో ఆనాడు శుద్ధిచేసిన చక్కెర వాడకం చాలా తక్కువ. గోడ బలహీనమైనా దాడి లేనప్పుడు కోట నిలబడుతుంది. ఇంగ్లండు పిల్లల నోట్లో రోజంతా చక్కెర ఉంది. అక్కడ గోడ బలం లెక్కకు వచ్చింది. అంటే విటమిన్ డి లోపం పన్ను పుచ్చడానికి నేరుగా కారణం కాదు. పుచ్చే పరిస్థితులు ఉన్నప్పుడు ఎవరి పళ్ళు ముందుగా లొంగిపోతాయో నిర్ణయించే అంశాల్లో అది ఒకటి. పంజాబు పరిశీలనలు మెలన్‌బీ సిద్ధాంతాన్ని కూల్చలేదు, దాని హద్దు చూపించాయి.

యుద్ధం చేసిన ప్రయోగం

రెండో ప్రపంచ యుద్ధం ఇంకో సాక్ష్యం తెచ్చింది. లండన్ బడుల్లోని ఐదేళ్ళ పిల్లల పళ్ళను మే మెలన్‌బీ 1929లో పరీక్షించి ఉంచింది. 1943లో అదే వయసు పిల్లలను మళ్ళీ పరీక్షించగా, యుద్ధపు కష్టాల మధ్య కూడా పళ్ళు స్పష్టంగా మెరుగుపడ్డాయి. ప్రభుత్వం గర్భిణులకు, పిల్లలకు పాలు, కాడ్ చేప నూనె అందించడమూ, కృత్రిమ వెన్నలో విటమిన్లు కలపడమూ, రొట్టెపిండిలో కాల్షియం చేర్చడమూ ఇందుకు కారణాలని ఆమె భావించింది. కాని అదే కాలంలో చక్కెరకు రేషన్ కూడా విధించారు. రెండింటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం సాధ్యం కాలేదు.

చక్కెర పాత్రను స్వీడన్‌లోని విపెహోమ్ మానసిక చికిత్సాలయంలో జరిగిన ప్రయోగం నిర్ధారించింది. 1954లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం పళ్ళకు అంటుకునే మిఠాయిలు భోజనాల మధ్య పదేపదే తిన్నవారి పళ్ళు దారుణంగా పుచ్చాయి. అనుమతి చెప్పలేని రోగులపై చేసిన ఆ ప్రయోగం వైద్య నీతి చరిత్రలో ఒక మచ్చగా మిగిలింది. ఇంకొకవైపు 1945 జనవరిలో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణం తాగునీటిలో స్వల్పంగా ఫ్లోరైడు కలపడం మొదలుపెట్టింది. పుచ్చుపళ్ళు గణనీయంగా తగ్గాయి. ఆ తర్వాత ఫ్లోరైడు పేస్టులు వచ్చాయి. చక్కెర, ఫ్లోరైడు అనే రెండు మాటల మధ్య విటమిన్ డి మరుగున పడిపోయింది.

అది మరుగున పడటానికి ఇంకో కారణం ఉంది. 1950లలో బ్రిటన్‌లో శిశువుల పాలపొడి, ధాన్యపు ఆహారాలు, కాడ్ చేప నూనె అన్నింటిలోనూ ఈ విటమిన్ చేరడంతో కొందరు శిశువులకు రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరిగింది. 1957లో ఆ మోతాదులను తగ్గించారు. కొవ్వులో కరిగే విటమిన్ కావడంతో ఇది ఒంట్లో నిలువ ఉంటుంది. మంచిదే కదా అని ఎక్కువ వాడితే విషమవుతుంది.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక జాగ్రత్త గుర్తుంచుకోవాలి. పంటిమీద ప్రతి మరకా, ప్రతి గుంటా విటమిన్ డి లోపం వల్ల కాదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో షార్ట్, ఆయన సహచరులు తాగునీటిలో ఫ్లోరైడు అధికం కావడం వల్ల పళ్ళు గారపట్టడాన్నీ, ఎముకలు బిగుసుకుపోవడాన్నీ వివరించారు. నల్లగొండ జిల్లా పల్లెలు తర్వాత ఇదే వ్యాధితో తరతరాలుగా బాధపడ్డాయి. కొద్ది మోతాదులో పంటిని కాపాడే ఫ్లోరైడే హద్దు మీరితే పింగాణిని పాడుచేస్తుంది. అలాగే పసితనంలో వచ్చే తీవ్రమైన జ్వరాలు, నెలలు నిండని కాన్పు, తీవ్రమైన పోషకాహార లోపం కూడా పింగాణిపై గుర్తులు మిగులుస్తాయి.

పాత ప్రశ్నకు కొత్త లెక్కలు

2013లో అమెరికా పరిశోధకుడు ఫిలిప్ హుజోల్ పాత కాగితాల దుమ్ము దులిపాడు. 1920ల నుంచి జరిగిన 24 నియంత్రిత పరీక్షలను, వాటిలోని 2,827 మంది పిల్లల వివరాలను ఒకచోట చేర్చి లెక్కకట్టాడు. విటమిన్ డి అందిన పిల్లల్లో పుచ్చు సుమారు 47 శాతం తక్కువగా కనిపించింది. అయితే ఆ పరీక్షలు చాలావరకు ఈనాటి ప్రమాణాలకు తూగవనీ, అందువల్ల ఈ సంఖ్యపై గట్టి నమ్మకం పెట్టుకోరాదనీ ఆయనే స్పష్టం చేశాడు.

మరింత కట్టుదిట్టమైన పరీక్ష ఫలితాలు 2019లో డెన్మార్కు నుంచి వచ్చాయి. గర్భిణులను చీటీలు వేసినట్టు రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి మామూలు 400 యూనిట్లకు తోడు రోజుకు మరో 2,400 యూనిట్ల విటమిన్ డి ఇచ్చారు. ఆ తల్లులకు పుట్టిన పిల్లలను ఆరో ఏట పరీక్షించారు. ఎక్కువ మోతాదు తీసుకున్న తల్లుల పిల్లల్లో శాశ్వత దంతాల పింగాణి లోపాలు 15.1 శాతం మందిలో ఉండగా, మామూలు మోతాదు వారి పిల్లల్లో 27.5 శాతం మందిలో ఉన్నాయి. దాదాపు సగం తేడా. అయితే పుచ్చిన పళ్ళ విషయంలో ఆ వయసుకు రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు.

ఈ ఫలితాన్ని పంజాబు పరిశీలనల పక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే మాట చెబుతున్నాయి. విటమిన్ డి పంటి కట్టుబడిని తీర్చిదిద్దుతుంది. ఆ కట్టుబడి ఎంతకాలం నిలుస్తుందన్నది మనం నోటిని ఎలా చూసుకుంటామన్న దానిపై ఆధారపడుతుంది.

పంటిలోని ఈ గుర్తులు చరిత్రకారులకు కూడా పనికివస్తున్నాయి. రికెట్స్ తగ్గాక వంగిన ఎముకలు కాలక్రమంలో సర్దుకుంటాయి. డెంటీన్‌లోని ఖాళీలు మాత్రం అలాగే ఉంటాయి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మేగన్ బ్రిక్లీ బృందం పాత శ్మశానాలలో దొరికిన పళ్ళను కోసి, ఆ మనుషులకు ఏ వయసులో, ఎన్నిసార్లు ఈ లోపం వచ్చిందో చదవగలుగుతోంది. వందేళ్ళ కిందట మే మెలన్‌బీ సూక్ష్మదర్శిని కింద చూసిన ఖాళీలే ఇప్పుడు చరిత్ర పత్రాలయ్యాయి.

ఎండల దేశంలో చీకటి

ఇదంతా చలిదేశాల గొడవ అనుకోవడానికి వీల్లేదు. మన దేశంలో ఆరోగ్యంగా కనిపించేవారిలో కూడా విటమిన్ డి తక్కువగా ఉందని 2000లో ఢిల్లీ పరిశోధకులు చూపారు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో హరినారాయణ్ బృందం 2007లో ప్రకటించిన పరిశీలన మనకు మరింత దగ్గరిది. తిరుపతి పట్టణంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఈ లోపం విస్తృతంగా ఉందని తేలింది. పొలం పనులు చేసే పల్లెవాసులు కొంత మెరుగు. ఆహారంలో కాల్షియం అవసరమైనదానికన్నా చాలా తక్కువ. తిండిలో ఫైటేట్ అనే పదార్థం మాత్రం ఎక్కువ.

ఈ ఫైటేట్ మనకు కొత్తది కాదు. మెలన్‌బీ కుక్కపిల్లలకు ఓట్స్ గంజి ఎక్కువ హాని చేయడానికి కారణం ఇదేనని 1930లలోనే తెలిసింది. ధాన్యాల పైపొరల్లో ఉండే ఫైటిక్ ఆమ్లం పేగులో కాల్షియాన్ని పట్టుకుని పీల్చుకోనివ్వదు. షెఫీల్డు ప్రయోగశాలలో కుక్కపిల్లలకు జరిగిందే, మోతాదు తేడాతో, ధాన్యమే ప్రధానాహారమైన మన కంచంలోనూ జరుగుతోంది. అలాగని ధాన్యాలు మానేయనక్కర్లేదు. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఫైటేట్ తగ్గుతుంది. ఇడ్లీ, దోసె పిండి పులియబెట్టడమూ, రాగి అంబలి రాత్రంతా పులవనివ్వడమూ మన వంటింట్లో ఎప్పటినుంచో ఉన్నవే. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలు, పెరుగు, ఎముకలతో తినే చిన్న చేపలు, నువ్వులు కూడా మంచి ఆధారాలే.

విటమిన్ డి విషయంలో తిండి మాత్రం చాలదు. కొవ్వు ఎక్కువగా ఉండే చేపలు, గుడ్డు పచ్చసొన తప్పిస్తే మనం తినేవాటిలో అది స్వల్పం. ఎండే ప్రధాన మార్గం. పొద్దుటి లేత ఎండ మంచిదన్న మాట మనవాళ్ళలో బాగా నాటుకుంది. నీడ పొడుగ్గా పడే వేళ ఎండలో విటమిన్ తయారుచేసే కిరణాలు చాలా తక్కువ. తిరుపతిలో చేసిన పరిశీలనల్లో ఉదయం 11 గంటల నుంచి మధ్యాహ్నం 2 గంటల వరకు ఉండే ఎండలోనే విటమిన్ ఎక్కువగా తయారవుతుందని తేలింది. చేతులు, ముఖం, కాళ్ళకు కొద్ది నిమిషాలు ఆ ఎండ తగిలితే మేలు. వేసవి తీవ్రతలో వడదెబ్బ తగలకుండా ఎలాగూ జాగ్రత్త పడాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు.

2018లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పాలు, వంటనూనెల్లో విటమిన్ ఏ, డి కలపడానికి ప్రమాణాలు ప్రకటించింది. పొట్లాల మీద ఆ గుర్తు చూడవచ్చు. వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల గోళీలు మందుల దుకాణాల్లో విరివిగా దొరుకుతున్నాయి. వాటిని వైద్యుడు చెప్పిన కాలానికి మించి వాడితే 1950లలో బ్రిటన్ శిశువులకు జరిగిందే మనకూ జరగవచ్చు.

ఈ చరిత్రలో మనం ఆలోచించవలసిన అసలు విషయం ఒకటుంది. 1930లలో కాంగ్రా పిల్లలకు విటమిన్ లోపం ఉంది, చక్కెర లేదు. అందుకే పళ్ళు దక్కాయి. నేటి మన పిల్లలకు లోపమూ ఉంది, చక్కెరా ఉంది. బడి గదుల్లో, అపార్టుమెంటుల్లో, ట్యూషన్లలో పగలంతా గడిచిపోతోంది. పది రూపాయల పొట్లంలో బిస్కట్లు, చాక్లెట్లు, సీసాల్లో తీపి పానీయాలు మారుమూల పల్లెకూ చేరాయి. గోడా బలహీనం, దాడీ ఎక్కువ. ఆనాటి ఇంగ్లండు పిల్లల పరిస్థితి ఇదే.

అందుచేత పళ్ళ సంరక్షణ పళ్ళు వచ్చాక మొదలయ్యేది కాదు. గర్భిణికి పాలు, రాగులు, గుడ్డు అందడం, ఆమెకు ఇంత ఎండ తగలడం, వైద్య పరీక్షలో లోపం తేలితే తగిన మోతాదులో మందు ఇవ్వడం బిడ్డ పళ్ళకు వేసే పునాది. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డూ, పాలూ బిడ్డ ఆకలి తీర్చడంతో ఆగవు. ఆరో ఏట రాబోయే దవడపన్ను ఆ రోజుల్లోనే చిగురు కింద తయారవుతూ ఉంటుంది. ఆ పన్ను వచ్చాక చక్కెర తగ్గించడం, ఫ్లోరైడు పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమడం కట్టిన గోడను కాపాడుకోవడం. ఫ్లోరైడు నీళ్ళున్న ప్రాంతాలలో మాత్రం దంతవైద్యుని సలహా తీసుకోవాలి. ఈ రెండు పనుల్లో ఒకటి చేసి రెండోది వదిలేస్తే చాలదని లండన్, కాంగ్రా, కోపెన్‌హాగన్ పరిశీలనలు మూడూ చెబుతున్నాయి.